అద్దాల మధ్య బిగిసిన మెడ

సెలూన్ నడిపే అన్నకి మెడ తిరగడం లేదన్న సంగతి మూడు నెలలపాటు బయటివాళ్లెవరికీ తెలియలేదు. కుర్చీకి ఎదురుగా ఒక అద్దం, వెనక ఇంకో అద్దం. తలుపు తోసుకుని ఎవరొచ్చినా ఎదుటి అద్దంలో చూసే పలకరిస్తాడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఆ గదిలో మెడతో పనే లేదు.

ఇంట్లో అలా కుదరదు. ఎడమవైపు నుంచి పిలిస్తే బీరువాను జరిపినట్టు ఒళ్లంతా తిప్పేవాడు. భార్య నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు నుంచి కంచం తెచ్చుకుని కుడివైపు కూర్చోవడం మొదలుపెట్టింది.

వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మెడ మీద వేసింది. తలకింద రెండో దిండు తీసేసింది. కాస్త తెరిపినిచ్చేది. పొద్దున్నే పది తలల మీద వంగేసరికి మళ్లీ మొదటికొచ్చేది.

"ఒకసారి డాక్టరుకి చూపించుకోకూడదూ?"

"వీధిలో మెడలన్నీ నేను సరిచేస్తుంటే, నా మెడ ఇంకొకరి చేతిలో పెట్టాలా?"

"అయితే మీది మీరే విరుచుకోండి," అంది ఆవిడ.

ఆయన ఆ మాటే పట్టుకున్నాడు. క్షవరమయ్యాక గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి మెడ టక్కుమనిపించడం ఆయన దగ్గర ఉచితం. దానికోసమే వచ్చేవాళ్లున్నారు. రెండో కుర్చీ దగ్గర పనిచేసే తమ్ముడికి కూడా తనే నేర్పాడు.

భార్యకు చెప్పనిది ఒకటుంది. పది రోజులుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. కళ్లజోడు మార్చాలని సాకు చెప్పి గడ్డాలన్నీ తమ్ముడికి తోసేస్తున్నాడు. కత్తి పట్టలేని చేతితో ఏ పని చేసి బతకాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ తోయలేకపోయాడు.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ తన కుర్చీలో తనే కూర్చున్నాడు. "ఒరే, ఒక్కసారి గట్టిగా విరువు."

తమ్ముడు గడ్డం కింద చెయ్యి వేసి, ఆగిపోయాడు.

"దువ్వెన పడిపోయింది అన్నా."

"ఏ దువ్వెన?"

"నీ చేతిలోది."

అన్న కిందికి చూశాడు. పడినట్టు వేళ్లకు తెలియనే లేదు.

"ఎన్నాళ్లనుంచి?"

"పది రోజులు. ముందు విరువు, తర్వాత తిడుదువుగాని."

"చచ్చినా విరవను. నువ్వు నేర్పింది పట్టేసిన మెడకి. చెయ్యి జారిపోతున్న మెడకి కాదు." షట్టర్ సగం దించి వదినకు ఫోన్ చేశాడు.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో డాక్టరమ్మ తన వేళ్లు ఆయన చేతిలో పెట్టి గట్టిగా నొక్కమంది. నడక తడబడుతోందా, మూత్రం ఆగడం లేదా అని అడిగింది. అవేవీ లేవు. మెడ దగ్గర నరం ఒత్తుకుంటోందని చెప్పింది.

"మెడ ఒక్కటే పట్టేస్తే కొన్నాళ్లు వేడి, వ్యాయామం చూడొచ్చు. మూడు నెలలు ఊరుకోవడమే తప్పు. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పితే ఆ రోజే రావాలండీ, పదో రోజు కాదు."

"తమ్ముడు విరిచి ఉంటే?"

"విరవనందుకు అతనికి దండం పెట్టుకోండి. మీరూ ఇంకెవరికీ విరవకండి."

మందులు, వ్యాయామాలు మొదలయ్యాయి. ఏళ్లుగా వచ్చే మాస్టారు మాత్రం అలిగాడు. "విరుపు లేకుండా పంపేస్తావా? ఇది సగం క్షవరమోయ్."

"విరవడం వచ్చుగాని, లోపలేముందో చూడ్డం రాదు మాస్టారూ."

ఎనిమిది వారాలకు వేళ్లలో తిమ్మిరి పోయింది. డాక్టరమ్మ పనిచేసుకోమంది. అయినా ఆయన కత్తి ముట్టుకోలేదు.

ఒక ఉదయం వచ్చేసరికి తమ్ముడు మొహం నిండా సబ్బు పూసుకుని అన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"గీయి."

"తెగితే?"

"తెగితే ఇంటి రక్తమే కదా. కానీయ్, నురగ ఆరిపోతోంది."

అన్న కొత్త బ్లేడు వేశాడు. చెవి కింద నుంచి మొదటి గీత. వెంట్రుకల గరగర బొటనవేలికి తెలిసింది. రెండో గీత. అదీ తెలిసింది.

ఎడమవైపు తలుపు చప్పుడైంది. అలవాటుగా అద్దంలోకి చూడబోయి, ఆగి, మెడ తిప్పాడు. పూర్తిగా తిరగలేదు. భార్య భుజం వరకే కనిపించింది.

"నన్ను తర్వాత చూద్దురుగాని," అంది ఆవిడ. "ముందు ఆ చెంప చూడండి."