మోకాలు పోయాక ఆట

ఆదోనిలో నేను ఫుట్‌బాల్ ఆడిన రోజుల్లో నా చోటు ఎప్పుడూ ఎదుటి జట్టు గోలు ముందరే. బంతి కాలికి అందిందంటే ఇంకొకరికి ఇచ్చేదాన్ని కాదు. జిల్లా జట్టుకు ఆడుతుండగా ఒక మ్యాచ్‌లో కుడి మోకాలు మెలిపడింది. ఆపరేషన్ చేసిన డాక్టరు నడవొచ్చు గానీ ఆడకూడదన్నాడు.

"ఇంగ పెండ్లి సూడు" అంది మేనత్త, తన తోడబుట్టిన మా అబ్బాతో.

కుట్టుమిషను మీద వంగి ఉన్న అబ్బా తలెత్తకుండానే, "దాన్నే అడుగు" అన్నాడు.

అడిగింది. కోచింగ్ నేర్చుకుంటానన్నాను. ఆమె చాలాకాలం నాతో మాట్లాడలేదు.

శిక్షణ పూర్తయ్యాక ఎమ్మిగనూరులో ఒక బడిలో ఆడపిల్లలకు ఆట నేర్పే పని దొరికింది. రోజూ ఆదోని నుంచి బస్సులో పోయేదాన్ని. పిల్లల్లో ఎక్కువమంది మగ్గాల ఇళ్లవాళ్లు. వాళ్లలో ఒకమ్మాయి ఎడమకాలితో కొడితే గోల్‌కీపర్ చేతులు మండేవి. ఉన్నట్టుండి ఆ పిల్ల రావడం మానేసింది. ఇంటికి పోయాను. తండ్రి మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు.

"నీ కాలు ఆట్లోనే పోయె కదమ్మా. మా పిల్లదీ పోతే ఎవురు సూస్తారు?"

"ఎట్ల పోతాదో నాకు తెల్సన్నా. అందుకే పోకుండా ఆడేది నేర్పిస్తాండా. ఒకసారి వచ్చి సూడు."

మర్నాడు వచ్చి గోడ పక్కన నిలబడి చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పిల్ల మళ్లీ రావడం మొదలుపెట్టింది.

ఆ జట్టును కర్నూలులో పోటీలకు తీసుకెళ్లాను. మైదానం గీత పక్కన కోచ్ కుర్చీలో కూర్చోగానే నిర్వాహకుడొకాయన వచ్చాడు.

"మీ కోచ్ సారు యాడమ్మా?"

"నేనే."

"తోడొచ్చిన మేడమ్‌లు ఆ పక్క కూచోవల్ల. ఇది కోచ్‌కు."

"నేనే కోచ్ అని సెప్తి కదన్నా. ఈన్నుంచి లేసేది లేదు. ఆట ఆపుతావా, ఆపుకో."

రిఫరీ మా ఇద్దరినీ చూసి విజిల్ ఊదాడు. నిర్వాహకుడు గొణుక్కుంటూ పోయాడు.

మొదటి సగంలో రెండు గోల్స్ తిన్నాం. అంచున ఆడుతున్న ఎడమకాలి పిల్లను విరామంలో నడిమికి మార్చాను. ఒక గోలు కొట్టింది. ఆమె కొట్టిన రెండో బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఓడిపోయాం.

"ఓడిపోయిరి కదమ్మా" అన్నాడు ఆ నిర్వాహకుడు, బహుమతులు సర్దుతూ.

"ఓడిపోయినాం. మళ్లా వస్తాం. అప్పుడూ కోచ్‌ను నేనే. గుర్తు పెట్టుకో."

తిరుగు బస్సులో మేం తిన్న రెండో గోలు ఎవరి తప్పని పిల్లలు గట్టిగా వాదించుకున్నారు. వెనక్కి తిరిగి చూశారు కొందరు ప్రయాణికులు. నేను ఆపలేదు.