పడవకొక చీటీ

ఈ ఉదయం మద్దిలపాలెంలో మా వీధి టీకొట్టు దగ్గర పేపరు తిరగేస్తుంటే, ఏదో మందును కొద్దిమంది మీద పరీక్షించారనీ, అది పనిచేయదని తేలిపోయిందనీ వార్త కనబడింది. తేలిపోవడమట! ఇంటికొచ్చి డైరీలో "ఒప్పుకోను" అని రాసుకున్నాను. నా ఈడువాళ్లు చాదస్తమని నవ్వినా సరే, ఎందుకో చెబుతాను.

ఉద్యోగం తొలినాళ్లలో నేనొక ఆసుపత్రిలో పరిశోధనల లెక్కలు చూసేవాణ్ణి. వలతాళ్లు లాగి, ఉప్పునీటిలో నాని అరచేతులు చీలిపోయే మత్స్యకారుల కోసం మా పెద్ద డాక్టరుగారు ఒక ఆయింట్‌మెంటు తయారుచేయించారు. చీట్లు తీసి సగంమందికి అది, మిగిలినవారికి మందు కలపనిది ఇవ్వాలి. రెండింటికీ తేడా లేదనే ఊహతో మొదలుపెట్టి, ఆ ఊహ నిలుస్తుందో కూలుతుందో చూడాలి. తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే సత్తా పరీక్షకు ఉండాలంటే ఎంతమంది కావాలో తేల్చడం నా పని. తేల్చాను.

మొదలుపెట్టే ముందు హార్బరుకు వెళ్లి, పడవ నడిపే ఒక సరంగుకు డబ్బా చూపించి, ఇది నీ ఒక్కడికే అన్నాను. ఆయన పడవలో వాళ్లందరినీ కేకేశాడు.

"ఇన్నారేట్రా, నానొక్కన్నే రాసుకోవాలంట! ఏటి బాబూ, మా బామ్మర్ది సెయ్యి సీలిపోతంటే నాను డబ్బా దాసుకుంటానేటి?"

"దాస్తే ఒగ్గుతాననుకున్నావేటి బావ, లాక్కోనూ!" అన్నాడు పక్కనున్న బావమరిది.

నేనూ నవ్వాను గానీ, తిరుగుదారంతా అదే ఆలోచన. రెండు రకాల డబ్బాలూ ఒకే పడవలో అందరి చేతుల్లో తిరిగితే, మందు ఎంత గొప్పదైనా తేడా చెరిగిపోతుంది. చీటీ మనిషికి కాదు, పడవకు తీయాలి; పడవంతటికీ ఒకే రకం ఇవ్వాలి. అయితే ఒకే పడవ మనుషుల చేతులు ఇంచుమించు ఒకేలా నలుగుతాయి, ఒక పడవలో పదిమందిని చూసినా కొత్తగా తెలిసేది తక్కువ కనుక, అలా చేస్తే మరెంతోమంది కావాలి, ఇంకో వేటకాలం ఆగాలి.

పెద్ద డాక్టరుగారికి ఆ ఓపిక లేదు. రాబోయే డాక్టర్ల మహాసభలో ఫలితం చదవాలి.

"లెక్కల మేష్టారూ, రోగుల్ని చూసేది మీరా నేనా? మనిషికొక చీటీ చాలని సంతకం పెట్టండి" అన్నారు.

పెద్ద కన్నుల వల వేసి సముద్రంలో చిన్న చేపలే లేవని రాయలేనన్నాను. నా పేరు కొట్టేసి, నన్ను రికార్డుల గదికి మార్చి, మనిషికొక చీటీతోనే కానిచ్చారు. తేడా కనబడలేదు. మందు పనికిరాదని సభలో చదివి, తాను చేయించిన ఆయింట్‌మెంటును తానే పాతిపెట్టారు.

నేను రోజుల తరబడి కాగితాల మీద వేసిన ఆ లెక్కను ఇప్పుడు కంప్యూటరు రెప్పపాటులో వేస్తుంది. ఎంత తక్కువమందితో సరిపెట్టగలవని తొందరపెట్టే గొంతు మాత్రం మారలేదని, ఇంకా ఆ పనిలో ఉన్నవాళ్లు అంటుంటారు. హార్బరులో పడవలు పెద్దవయ్యాయి, తాళ్లు మారాయి. చేతులు చీలుతూనే ఉన్నాయి. ఆ ఆయింట్‌మెంటు వాటిని మాన్పేదో కాదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. తెలియదనే రాస్తాను. పనిచేయదని మాత్రం, ఈ వయసులో అడిగినా, సంతకం పెట్టను.