రోజీ అడిగే మూడో ప్రశ్న

మేడ్చల్‌లో ఉండే రోజీ ఏం ఉద్యోగం చేస్తుందో ఆమె సొంత మామగారికే అంతుబట్టదు. ఏలియా బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. చేతిలో పానా లేకుండా పనెట్లా అవుతుందని ఆయన అనుమానం.

“సాఫ్ట్‌వేర్ రాస్తవా బిడ్డా?”

“రాయను మామా. రాసే టీములకు కలిసి పనిచేసే పద్ధతి నేర్పిస్త. అజైల్ కోచ్ అంటరు.”

“పని చేసేటోళ్లకు పని నేర్పుడేంది? గిదేం కొలువు!” అని పగలబడి నవ్వేవాడు. రోజీకి కోపం వచ్చేది కాదు. నిజం చెప్పొద్దూ, అప్పుడప్పుడు ఆమెకూ అదే అనుమానం.

ఆమె స్కూటీ మీద వెళ్లేది శామీర్‌పేట వైపు ఒక సర్కారు ఆఫీసుకు. పేరెందుకులెండి. అక్కడి టీము ఊళ్లు తిరిగే నర్సుల కోసం యాప్ తయారుచేస్తోంది. గర్భిణికి బీపీ చూసి నర్సు ఫోన్లో నమోదు చేస్తే, ప్రమాదంలో ఉన్నవాళ్ల పేరు వెంటనే ఆసుపత్రికి చేరాలి. రోజీ పద్ధతి ప్రకారం టీమంతా రోజూ పొద్దున కాసేపు నిలబడి మాట్లాడుకోవాలి. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీకేం అడ్డొస్తోంది? అంతే. అందరూ నిలబడితే పెద్దా చిన్నా తేడా ఉండదని ఆమె ఆశ.

కానీ అది సర్కారు ఆఫీసాయె! పెద్దసారు కృష్ణారావు నడుమ కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. మిగతావాళ్లు చుట్టూ చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. “మా దగ్గర గిది కొత్తేం కాదమ్మా, నేనొస్తే అందరు నిలబడుడే” అన్నాడాయన సంబరంగా. రోజీ తల ఎక్కడ బాదుకోవాలి! మూడో ప్రశ్నకు అందరిదీ ఒకటే జవాబు. “ఏం లేదు మేడం, అంతా ఓకే.”

శుక్రవారం యాప్ ప్రారంభం. ఫ్లెక్సీలు కూడా కట్టేశారు. బుధవారం పొద్దున లిఖిత వంతు వచ్చింది. యాప్‌ను పరీక్షించి చూడటం ఆ పిల్ల పని, కాంట్రాక్టు ఉద్యోగం. “అంతా…” అని ఆగి, కుర్చీ వైపు చూసి, “ఓకే మేడం” అంది. ఆ తడబాటును రోజీ కనిపెట్టింది. పక్కకు పిలిచి అడిగితే పిల్ల నీళ్లు నమిలింది. “నన్నడగకుండ్రి మేడం. నా కొలువు పోతది.”

ఏదో లోపం ఉంది. ఏమిటో తెలియదు. అది అట్లాగే ఊళ్లలోకి పోతే ఏ తల్లి ప్రాణం మీదికొస్తుందో!

ఆ సాయంత్రం చర్చిలో ప్రార్థన కూడిక. అందరి ముందూ మనసు విప్పి సాక్ష్యం చెప్పేటప్పుడు పెద్దవాళ్లే ముందు లేవాలన్నది వాళ్ల సంఘంలో ఆనవాయితీ. ఏలియా లేచాడు. “కోపంల పక్కింటాయనను నానా మాటలన్న. తప్పు నాదే. నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి” అని కూర్చున్నాడు. ఇక చూడండి, ఒకరి వెనుక ఒకరు లేచి మనసులో ఉన్నదంతా చెప్పేసుకున్నారు. ఓరి దేవుడా, ఈ కిటుకు ఇన్నేళ్లుగా కళ్ల ముందే ఉంది కదా అనుకుంది రోజీ.

మర్నాడు నేరుగా కృష్ణారావు గదికి వెళ్లింది. “సార్, ఇయ్యాల కుర్చీ వద్దు. మీకేం అడ్డొస్తుందో ముందుగాల మీరే చెప్పుండ్రి.”

ఆయన కళ్లెర్రజేశాడు. “నన్ను నిలబెడ్తవా అమ్మా?”

“మీరు చెప్తెనే వాళ్లు చెప్తరు సార్. ఎవరో ఏదో దాస్తున్నరు. అవతల కడుపుతోని ఉన్నోళ్ల పానాలు సార్.”

ఆయన ఫైల్లో తల దూర్చాడు. తన పని అయిపోయిందనుకుంది రోజీ.

టీమంతా చేరాక కృష్ణారావు వచ్చాడు. కుర్చీని తనే గోడవైపు జరిపి, అందరి మధ్య నిలబడ్డాడు. “నాకు గీ యాప్ సమజ్ కాలే. అడిగితే నామోషీ అని అడగలే. సమజ్ కాకుండనే సంతకం పెట్టిన. గదే నాకు అడ్డం.”

ఫైలు విసిరితే ఆఫీసంతా వణికే మనిషి, అందరి ముందూ నాకు తెలియదన్నాడు! ఎంత పెద్ద మాట అది! రోజీకి పోయి ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

లిఖిత ఏడుస్తూ నోరు విప్పింది. “సార్, సిగ్నల్ లేని కాడ కూడా ‘చేరింది’ అని చూపెడ్తది. కానీ చేరది. నర్సు నమ్మి ఇంటికి పోతది. నిన్ననే చెప్పాల్సింది సార్.”

“నిన్న చెప్తే నేను ఇనకపోదును బిడ్డా” అని కృష్ణారావు అక్కడే పైవాళ్లకు ఫోన్ చేశాడు. “ప్రారంభం ఆపుండ్రి సార్. తప్పు నాది, పిల్లలది కాదు.” అవతలి కేకలు అందరికీ వినపడ్డాయి. ఆయన నిలబడే విన్నాడు.

ఫ్లెక్సీలు దిగిపోయాయి. లోపం సరిచేశాక యాప్ ఏ హంగామా లేకుండా ఊళ్లలోకి వెళ్లింది.

వానాకాలంలో ఒక ఆదివారం, ఆ యాప్ వాడే నర్సు దుర్గాబాయి రోజీకి ఫోన్ చేసింది. ఏలియా పక్కనే చాయ్ తాగుతూ వింటున్నాడు.

“మేడం, దీప అని నెలలు నిండిన పిల్ల, బీపీ మస్తు ఎక్కువున్నది. ఊర్ల సిగ్నల్ లేదు. యాప్ ‘చేరలేదు’ అని ఎర్రగ చూపెట్టింది. గందుకే ఆగకుండ ఆటోల ఏసుకొని నేనే దవాఖానకు తీస్కపోయిన. ఇంకింత ఆలస్యమైతే దక్కకపోదురని డాక్టర్లన్నరు. తల్లీ బిడ్డా మంచిగున్నరు.”

ఏలియా గ్లాసు కింద పెట్టి కోడలి వైపు అట్లాగే చూశాడు.

“గిదా బిడ్డా నీ కొలువు!”

“నువ్వు చర్చిల లేసి తప్పు నాదే అన్నవు సూడు మామా, గదే నా కొలువు” అంది రోజీ కళ్లు తుడుచుకుంటూ.