చిల్లుల గిద్ద

నా చిన్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది దయ్యం కాదు, మా వంటింట్లో నూనె, పప్పు కొలిచే చిన్న రేకు గిద్ద.

హొళగుంద దగ్గర వాన మీద బతికే సేద్యం మాది. వేరుశెనగను మా వైపు బుడ్డలంటారు. విత్తే ముందు బుడ్డల విత్తనానికి ఎర్రటి మందుపొడి పట్టించాలని మా తాత చేత్తో తిప్పే ఇనప డ్రమ్మొకటి అడిగి తెచ్చాడు. అందులో గింజలు సగానికే పోయాలి, నిదానంగా తిప్పాలి, తొందరపడితే పొర ఊడి గింజ మొలవదు. పొడి తక్కువైతే గింజ నేలలో కుళ్ళుతుంది, ఎక్కువైతే చస్తుంది. డ్రమ్ముతో ఉండాల్సిన కొలత మూతను ఎవరో పోగొట్టారు. తాత నన్ను గిద్ద తెమ్మంటే అవ్వను అడక్కుండానే తెచ్చిచ్చాను. అంగట్లో తూకం వేయించిన పొడిని అందులో పోసి, ఎంతవరకు వచ్చిందో అక్కడ మేకుతో గీత గీశాడు. ఇక దీన్ని ఇంట్లోకి తీసుకుపోవద్దని గట్టిగా చెప్పాడు. అంతకుముందు ఏడాది రాలిన మందు గింజలు తిని పక్కింటి అక్క కోళ్ళన్నీ మధ్యాహ్నానికల్లా కాళ్ళు చాపేశాయి. వాటిని పూడ్చేటప్పుడు నేనూ చూశాను.

ఇంతలో గిద్ద యాడ పెట్టినారని అవ్వ లోపలినుంచి కేకేసింది. అడక్కుండా తీసినందుకు తిడుతుందనుకున్నాను. తాత అటు తిరిగి డ్రమ్ము తిప్పుతుంటే, గిద్దను పావడాకు తుడిచి, పరుగెత్తిపోయి కందిపప్పు డబ్బాలో పడేశాను. బుద్ధి లేని పని!

కాసేపటికి పప్పు ఉడుకుతున్న వాసన వచ్చింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. కొట్టంలో గడ్డి వెనక నక్కి కూర్చున్నాను. చెబితే తాత వీపు చీరేస్తాడు. చెప్పకపోతే... కళ్ళ ముందు ఆ కోళ్ళే. కుండ పగిలిపోవాలని కనపడని దేవుళ్ళందరికీ మొక్కాను. ఏదీ పగల్లేదు. అన్నానికి పిలిచారు.

జొన్నరొట్టెల పక్కన పప్పు వడ్డించారు. అవ్వ మొదటి ముద్ద మా తమ్ముడి నోటి దగ్గరికి తీసుకుపోయింది. నా చెయ్యి దానంతటదే లేచి ఆ ముద్దను గోడకు కొట్టింది.

"తినాకండి, అందులో మందుంది. గిద్ద నేనే డబ్బాలో ఏసినా" అని వెక్కుతూ అంతా కక్కేశాను.

ఎవరూ కొట్టలేదు. అవ్వ నెమ్మదిగా అంది: "డబ్బా తీస్తానే ఎర్రగా కనపడె. ఆ పప్పు అప్పుడే గుంత తీసి పూడ్సినా. ఇది పక్కింటోళ్ళ పప్పు. నువ్వు ఎప్పుడు సెప్తావో అని సూస్తాంటి."

తాతకూ, ఆయన పక్కన కూర్చున్న మా చిన్నాన్నకూ ముందే తెలుసట. అప్పటిదాకా పెద్దవాళ్ళు ఒక్కరూ తమ రొట్టె తుంచలేదన్న సంగతి నేను చూసుకోనేలేదు. ఆ ఉపాయం తలుచుకుంటే అవ్వ మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపమే. ఎనిమిదేళ్ళ పిల్లను అంతసేపు చావనివ్వాలా? కానీ నన్ను ఒళ్ళోకి లాక్కున్న ఆ చేతులు ఎంతసేపటికీ నన్ను వదల్లేదు.

సాయంత్రం తాత గిద్దను గుండురాయి మీద పెట్టి, గీత వెంబడి చుట్టూ మేకుతో చిల్లులు కొట్టాడు. గీత దాటిన పొడి ఆ చిల్లుల్లోంచి రాలిపోతుంది, కొలత తప్పదు. వంటింటి గిద్దేమో అని ఇక ఎవరూ పొరబడరు కూడా.

ఇప్పుడు నాకు మనవరాలుంది. డబ్బాలో గ్లాసు చేతికి తగిలితే ముందు నా వేలు దాని చుట్టూ చిల్లుల కోసం తడుముతుంది. మనవరాలు ఏదైనా పాడుచేసి తలుపు వెనక నక్కినప్పుడు మాత్రం, ఎప్పుడు చెబుతుందోనని మా అవ్వలాగా కాచుకుని కూర్చోను. నేనే పోయి ఆ తలుపు వెనక దాని పక్కన కూర్చుంటాను.