ఎగదోస్తే ఆరిపోయే బొగ్గు

2010 జనవరి. పెన్సిల్వేనియా కొండల్లో చలి ఎలాంటిదంటే, వ్యాన్ దిగి గుమ్మం చేరేలోపు నా మీసం మంచుకి తెల్లబడి నాకంటే ముందే రిటైరయ్యే వయసుకొచ్చేసింది. డెట్రాయిట్‌లో కార్ల ఇంజిన్లు డిజైన్ చేసే ఉద్యోగం ఊడాక, జనాల బేస్‌మెంట్లలో మోకాళ్ల మీద పాకే హీటింగ్ టెక్నీషియన్‌గా నాకు ప్రమోషన్ వచ్చింది.

ఆ ఉదయం బాస్ నా చేతిలో రెడ్ ట్యాగ్ పెట్టాడు. 'ఇది ప్రమాదం, వాడొద్దు' అని ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌కి కట్టే ఎర్ర చీటీ అది. "పాత బొగ్గు ఫర్నేస్. కట్టేసి రా. శుక్రవారం గ్యాస్‌ది పెట్టేద్దాం" అన్నాడు, దాని మొహం కూడా చూడకుండానే.

ఇల్లు డాక్టర్ రాజ్యలక్ష్మిగారిది. రిటైరైన మత్తు డాక్టరు. భర్త పోయాక ఫర్నేస్ పని ఆవిడే చూసుకుంటున్నారు.

"ముప్పై ఏళ్లు మనుషుల్ని నిద్రపుచ్చి లేపానయ్యా. ఒక్కడూ లేవనని మొండికెయ్యలేదు. ఈ ఫర్నేస్‌గాడు మాత్రం రోజుకి రెండుసార్లు పడుకుంటాడు, లేపితే లేవడు!"

పక్కనే కూతురు శిరీష. నాకూ ఆమెకీ పదేళ్ల తేడా ఉంటే గొప్ప. అయినా, "అంకుల్, ప్లీజ్, మామ్‌కి చెప్పండి. ఇట్స్ నాట్ సేఫ్. ట్యాగ్ పెట్టేయండి" అంది. ట్యాగ్ కన్నా ఆ అంకుల్ ఎక్కువ గుచ్చుకుంది.

"పోయిన నెల కరెంటు పోతే, నీ గ్యాస్ ఫర్నేస్ ఇంట్లోంచి దుప్పట్లు మోసుకుని ఎవరింటికొచ్చావే?" అన్నారు డాక్టరుగారు.

శిరీష కోటు వేసుకుంది. "ఫైన్. సాయంత్రం నేనొచ్చేసరికి ఇది మళ్లీ ఆరిపోతే, తీసేస్తున్నాం. ఆరకపోతే గ్యాస్‌ది క్యాన్సిల్ చేస్తా."

ఆమె వెళ్లాక మీటర్ పెట్టి చూశాను. విషవాయువు లీక్ లేదు. పొగ గొట్టం నిక్షేపంగా ఉంది. మరి రోగమెక్కడ?

"మీరెలా వేస్తారో ఒకసారి చూపించండమ్మా."

బీపీ పేషెంటుకి ఆవకాయ వడ్డించినట్టు చిన్న పారతో ఇంత బొగ్గు వేశారు. గాలి కోసం కింది తలుపు బార్లా తెరిచారు. ఇనప కడ్డీ తీసుకుని పైనుంచి పొడవడం మొదలెట్టారు.

"ఆగండి! ఎందుకలా ఎగదోస్తున్నారు?"

"కుంపటి ఎగదోయడం కూడా నువ్వే నేర్పుతావా? మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నా!"

"అందుకేనమ్మా ఆరిపోతోంది!"

ఇది కుంపట్లో బొగ్గు కాదు, ఆంథ్రసైట్. రాయిలాంటి బొగ్గు. పైనుంచి కెలికితే బూడిద పైకొచ్చి గాలాడక చస్తుంది. దాన్ని ముట్టుకోకుండా అడుగున ఉన్న జల్లెడ మాత్రం కుదపాలి. కింద ఎర్రటి వెలుగు కనబడగానే ఆపాలి. తర్వాత కొంచెం కొంచెంగా అంచు దాకా నింపాలి. నీలిమంట లేచాక కింది గాలి సన్నగా తగ్గించాలి. ఎక్కువ బొగ్గు నింపితే తక్కువ బొగ్గు కాలుతుంది, నిదానంగా. బార్లా తెరిస్తే వేడంతా చిమ్నీ ఎక్కి పెన్సిల్వేనియా కాకులన్నిటికీ ఆవిరిస్నానం చేయిస్తుంది.

ఆవిడ నమ్మలేదు. అయినా నింపారు. ఇక మొదలైంది అసలు చికిత్స. మధ్యాహ్నంలోపు ఆవిడ చెయ్యి కడ్డీ వైపు నాలుగు వందల సార్లు వెళ్లింది.

"ఒక్కసారి కదుపుతానయ్యా."

"ఆపరేషన్ మధ్యలో పేషెంటుని పొడుస్తారా డాక్టరుగారూ?"

బాస్ ఫోన్ చేశాడు. "కట్టావా?" అన్నాడు. "ప్రమాదం కనబడలేదు, కట్టను" అన్నాను. వాడి అరుపుకి ఫోన్‌లోంచి కాస్త వేడి కూడా వచ్చింది.

సాయంత్రం శిరీష సరాసరి బేస్‌మెంట్‌కి దిగింది. ఫర్నేస్ తలుపు తీసింది. బొగ్గు మీద నీలిమంటలు తాపీగా ఆడుతున్నాయి. కాసేపు చూసి, కోటు విప్పి, స్వెటర్ కూడా విప్పింది.

"మామ్... ఇట్స్ టూ హాట్."

"అయితే పైకెళ్లి కిటికీ తీసుకో. ఫర్నేస్ మాత్రం కదలదు."

ఆ రోజు నేర్చుకున్నది ఇదే: రోగం యంత్రానికా, దాన్ని వాడే చేతికా అన్నది తేల్చకుండా చీటీ కట్టకూడదు. బాస్ ఇప్పటికీ ఒప్పుకోడు. నేనూ ఇప్పటికీ కట్టను.