దారపు రీళ్ళు చూపించిన కిటికీలు

అమలాపురం దగ్గరి మా ఇంటి గురించి ఈమధ్య ఒక కాలేజీ పత్రికలో వ్యాసం వచ్చింది. పట్టపగలు ఒక్క దీపం కూడా వెలిగించనక్కర్లేని ఇల్లనీ, ఎండాకాలంలో కూడా ఏసీ లేకుండానే గడిచిపోతుందనీ రాశారు. అంతవరకూ నిజమే. ఇదంతా ఇంటాయన ముందుచూపు అంటూ నా ఫొటో వేశారు. అది నిజం కాదు. ముందుచూపు మా ఆవిడది. నేను చేసిందల్లా అడ్డుపడటమే.

మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ట్యూబులైటు కింద మెరూన్ రంగూ కాఫీపొడి రంగూ ఒకేలా కనిపించి, తప్పుడు దారంతో కుట్టి, మళ్ళీ విప్పుకున్న జాకెట్లెన్నో. అందుకని వెలుతురు విషయంలో ఆమె ఎవరి మాటా వినదు.

పాత పెంకుటిల్లు విప్పి స్లాబు ఇల్లు మొదలుపెట్టినప్పుడు నా మనసంతా కాకినాడలో మా బంధువుల హాలు మీద ఉంది. ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో దాచిన దీపాలు. ఎల్.ఇ.డి.లే కదా, కరెంటు తినవు కదా అని నేను ఎలక్ట్రీషియన్‌కి గదిగదికీ దీపాల బారులు చెబుతుంటే మా ఆవిడ వచ్చింది.

"ఏవండీ, ఈ గదిలో మనం ఏం పని చేస్తామో ముందు చెప్పండి. దీపం ఎక్కడుండాలో అప్పుడు చూద్దాం."

"హాల్లో పనేముంటుంది? కూర్చోడమే."

"కూర్చోడానికి పెళ్ళిపందిరి దీపాలెందుకండీ? మిమ్మల్ని మళ్ళీ పెళ్ళికొడుకుని చేస్తారా ఏంటి?"

ఎలక్ట్రీషియన్ నవ్వు ఆపుకోలేక టీకి వెళ్ళిపోయాడు.

పాత ఇంటి కప్పులో అక్కడక్కడ గాజు పెంకులుండేవి. ఇల్లు విప్పేటప్పుడు ఆమె వాటిని పాత చీరల్లో చుట్టి దాచింది. హాలు మధ్య స్లాబులో ఖాళీ వదిలి, దాని మీద చిన్న పెంకుల కప్పు లేపి, ఆ గాజు పెంకులు అందులో వెయ్యాలంది. పక్కలకి జాలీ పెడితే వేడిగాలి పైనుంచి పోతుందంది. వాన కారుతుందన్నాను. "కారితే బకెట్టు నేనే పెడతాను లెండి" అంది. మేస్త్రి ఆమె మాటే విన్నాడు.

స్లాబు పడ్డాక, గోడలు కట్టకముందు, స్తంభాల చుట్టూ టార్పాలిన్ బరకాలు కట్టించింది. బుట్ట నిండా దారపు రీళ్ళు పెట్టుకుని మధ్యలో స్టూలు మీద కూర్చునేది. కిటికీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఇటు బరకం ఎత్తించి, అటుది దింపించి, ఏ వైపు తెరిస్తే రంగులు విడివిడిగా తెలుస్తాయో చూసేది. పొద్దున్న ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి.

"ఏంటమ్మగారూ, కిటికీని చంకనేసుకుని తిరుగుతున్నారు!" అన్నాడు మేస్త్రి.

"ఎక్కడో ఒకచోట దింపుతాను లెండి. తాపీ పట్టుకుని రెడీగా ఉండండి."

చుట్టుపక్కల వాళ్ళతో మాత్రం నేను, మా ఆవిడకి చాదస్తం పట్టుకుందని చెప్పుకుని తిరిగాను.

గృహప్రవేశమైన ఏడాదే వాయుగుండం పట్టింది. వాన మొదలవగానే వెళ్ళి గాజు పెంకుల కింద బకెట్టు పెట్టింది నేనే. నా మాట నెగ్గాలని ఉంది మరి. తెల్లారి చూస్తే బకెట్టు పొడిగా ఉంది. ఊరంతా కరెంటు పోయింది. మిగతా ఇళ్ళలో పగలే చీకటి, ఉక్కపోత. ఒక్కొక్కరే మా హాల్లోకి వచ్చి చేరారు. ఎదురింటి రిటైర్డ్ మాస్టారు పైకి చూసి, "కరెంటు లేని ఇల్లులా లేదండీ! ఎంత బాగా ఆలోచించేరు! ఇదంతా మీ ఆలోచనేనాండీ?" అన్నారు.

"ఆయ్" అన్నాను.

అంతే, ఆ ఒక్క ముక్కే. టీ గ్లాసులు అందిస్తున్న మా ఆవిడ విన్నది. ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా, ఆమె నాకు చెప్పిన మాటలే నా మాటలుగా చెప్పడం అలవాటైంది. ఎవరైనా వస్తే మిషను గది తలుపు వేసుకోవడం ఆమెకి అలవాటైంది. ఆ వ్యాసం కోసం కాలేజీ పిల్లలు వచ్చిన రోజు కూడా ఆ తలుపు వేసే ఉంది. కిటికీలు ఎక్కడ పెట్టాలో ఎలా తెలిసిందని ఒక అమ్మాయి అడిగితే, అనుభవం అన్నాను.

పత్రిక వచ్చాక ఆమెకి చూపించాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, "ఫొటోలో చొక్కా బాగా పడిందండీ. ఆ పై గుండీ నేను కుట్టిందే" అంది.

అన్నేళ్ళలో ఆమె తనదని చెప్పుకున్నది ఆ గుండీ ఒక్కటే. అందుకే అదే పత్రికకి పంపుదామని ఇది రాస్తున్నాను.

ఇప్పుడు నా చూపు మందగించింది. అయినా గాజు పెంకుల కింద కుర్చీ వేసుకుంటే పేపరు హాయిగా చదువుకుంటాను. పొద్దుగూకాక మిషను దగ్గర ఒకటి, పొయ్యి దగ్గర ఒకటి, మేం కూర్చునే చోట ఒకటి, అవే మా దీపాలు. ఆమె ఎంచి పెట్టిన వెలుతురులో, గాలిలో బతుకుతున్నాను. రోజూ పొద్దున్న హాల్లో నేల మీద ఆ వెలుగు పడగానే ఆమెకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. పెడితే నవ్వుతుందని పెట్టను.

రాసినంతవరకూ చదివి వినిపించాను. దారం కొరికి, "రెండో చెట్టు సంగతేదండీ?" అంది.

పడమటి పక్క రెండు కొబ్బరి చెట్లుండేవి. ఆ నీడ గోడలకి కావాలి, రెండూ ఉంచాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. ఆమె పుట్టింటికి వెళ్ళినప్పుడు చూసి, కారు షెడ్డు కోసం ఒకదాన్ని కొట్టించేశాను. సాయంత్రమయ్యేసరికి ఆ వైపు గది ఇప్పటికీ కాగిపోతుంది.

"అది కూడా రాయండి. ఆ గదెందుకలా ఉందో ఆ కాలేజీ పిల్లలకి తెలియాలి కదండీ. లేకపోతే నేను చూసి పెట్టిన గదే అనుకుంటారు."

రాశాను. వచ్చే ఆదివారం ఆ పిల్లలు మళ్ళీ వస్తున్నారు. ఈసారి ఇల్లు చూపించేది తనేనట. కాఫీలు నేను అందించాలట.