సారు చేసిన డిస్కులు

మా టైపు సారు పోయినారని అత్త ఫోన్ చేసి చెప్పింది. సారు చిత్తూరులో మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. అత్త ఆయన భార్య. ఆయన్ను సారనీ ఆమెను అత్తనీ చిన్నప్పట్నుంచీ పిలిచేదాన్ని. ఈ రెండూ ఎట్లా కుదిరినాయని ఎవరూ అడగలేదు. ఫోన్ వచ్చినప్పుడు నేను మద్రాసులో ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. "నిద్దట్లోనే పాయ పాపా. అంతా అయిపోయినాక చేస్తా ఉండా. ఏమీ అనుకోవద్దు" అంది.

ఏడుపు రాలేదు. "ఆదివారం వస్తాను సార్, మీరు ముట్టుకోవద్దు" అని నేను అన్న మాటే చెవిలో మోగింది. ఆ తర్వాత చాలా ఆదివారాలు వచ్చిపోయాయి. నేను వెళ్లలేదు.

సారు ఇన్‌స్టిట్యూట్ కిరాణా అంగడి మిద్దె మీద ఉండేది. కింద ఎండు మిరపకాయల ఘాటు, పైన టైపు మిషన్ల చప్పుడు. టెన్త్ సెలవుల్లో నన్ను మా నాయన అక్కడ చేర్పించినాడు. మొదటిరోజే సారు నా మిషను అక్షరాల మీద అట్టమూత పెట్టేసినారు. చేతులు దాని కింద దూర్చి కొట్టాలి. "కనపడకపోతే ఎట్లా కొట్టేది సార్?" అంటే, "అన్నం తినేటప్పుడు నోరు యాడుందని అద్దంలో చూసుకుంటావా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను ఉడుక్కున్నాను.

ఆయనకొక అలవాటు. పిల్లల వెనక నిలబడినంతసేపూ చేతులు వీపు వెనక కట్టుకునేవారు. ఎవరెంత తంటాలు పడుతున్నా ఆ చేతులు ముందుకొచ్చేవి కావు. ఒకసారి నా మిషన్లో రిబ్బను చిక్కుకుంటే తీసిపెట్టమన్నాను. "నేను తీస్తే నాకు వచ్చినట్టు పాపా. నీకు వచ్చేది ఎట్లా?" అన్నారు. వేళ్లకు మసి పూసుకుని గంటసేపు కుస్తీ పట్టినాక రిబ్బను ఊడి వచ్చింది. ఆయన గది అవతలి నుంచి "ఊఁ" అన్నారు, అంతే. ఆ "ఊఁ" కోసం ఆ ఎండాకాలమంతా కొట్టినాను.

తిరుపతిలో ఎంసీయే ముగించి ఇంటికొచ్చేసరికి నాకు ఉద్యోగం లేదు, కాలు ఒకచోట నిలిచేది కాదు. మిషన్లు నేర్చుకునేవాళ్లు తగ్గిపోతున్నారని సారు మూడు కొత్త కంప్యూటర్లు తెప్పించారు. విజయదశమి రోజు మొదలుపెడతామని వీధి వీధికీ చెప్పుకున్నారు. ఊళ్లో ఇంకో రెండు సెంటర్లు అప్పటికే తెరిచినారు. ఆ రోజు పిల్లలు వెనక్కి పోతే మళ్లీ రారని ఆయనకు తెలుసు.

కంప్యూటర్లు బిగించడానికి తిరుపతి నుంచి వచ్చినాయన జేబులోంచి కంప్యూటరు నడిచే సాఫ్ట్‌వేరు దొంగ కాపీ డిస్కు ఒకటి తీసినాడు. సారు వద్దన్నారు. తాను అప్పటికే బిల్లుతో సహా అసలు డిస్కు కొనిపెట్టుకున్నారు.

"ఏంది సారూ, ఊరంతా ఇదే ఏస్తా ఉండారు. మీ ఒక్కరికే ఈ పట్టింపా?"

"ఊరంతా నా దగ్గిర నేర్చుకోవడం లేదు కదప్పా. నా దగ్గిర నేర్చుకునేవాళ్లకు మొదటి దినమే దొంగ సొమ్ము మీద వేళ్లు పెట్టమని చెప్పలేను."

"అయితే మీరే ఏసుకోండి" అని ఆయన బస్సెక్కినాడు. సారు నాకు కబురు పెట్టారు.

నేను ధీమాగా పోయి అసలు డిస్కు పెట్టినాను. నీలం తెర మీద వరసగా ఏవేవో పేర్లు వచ్చి, చివరికి ఈ కంప్యూటర్లో హార్డ్ డిస్కే లేదంది. ఎదురుగా ఉంది, తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. సంగతేమంటే సారు కొన్న డిస్కు పాతకాలం నాటిది, హార్డ్ డిస్కు కొత్త రకం. దానితో మాట్లాడే చిన్న ప్రోగ్రాము, డ్రైవరు, ఆ పాత డిస్కులో లేదు. డ్రైవరును ఫ్లాపీలో పెట్టి ఇమ్మంటుంది, కొత్త కంప్యూటర్లకేమో ఫ్లాపీయే లేదు. ఇదంతా సారుకు చెప్పినాను.

"అంటే, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నారన్నమాట" అన్నారు.

దారి ఒకటే. డిస్కులో ఉన్నదంతా ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్లోకి దించి, ఆ డ్రైవరును సరైనచోట చేర్చి, మళ్లీ కొత్త డిస్కుగా రాయాలి. మదర్‌బోర్డుతో వచ్చిన సీడీలో ఒకే మాదిరి పేర్లతో బోలెడు డ్రైవర్లు. ఒకటి తప్పితే ఇంకొకటి వేసి చూశాను. సారు పక్కన కుర్చీ వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతిదీ చూసేవారు. సరస్వతీ పూజ ముందురోజు ఒక డిస్కు పనిచేసింది. ఒక కంప్యూటరుకు ఎక్కించి, మిగిలిన రెండూ విజయదశమి పొద్దున పిల్లల ఎదురుగా ఎక్కిద్దామనుకున్నాం. పూజనాడు ఏ పనిముట్టూ ముట్టుకోకూడదు కదా.

విజయదశమి పొద్దున పిల్లలు తాంబూలం పళ్లేలతో మెట్ల దాకా నిలబడ్డారు. నేను డిస్కు పెట్టినాను. చదవనంది. బయటికి తీసి చూస్తే, మెరిసే వైపున గంధం పూసి దాని మీద ఇంత కుంకుమ బొట్టు.

"సార్! ఈ వైపు ఎందుకు పెట్టినారు?"

"ఆ వైపు నువ్వు పేరు రాసినావు కదా పాపా. నీ రాత చెడిపోతాదని తిప్పి పెట్టినాను."

పైగా పంచె చెంగుతో గుండ్రంగా రుద్ది రుద్ది తుడిచినారు. గీతలు పడి, ఉన్న ఆశా పోయింది. మెట్ల మీద ఎవరో తండ్రి "పోదాం రా, ఆ సెంటర్లో అయితే" అంటున్నాడు. సారు విన్నారు. బయటికి వెళ్లి గట్టిగా చెప్పారు: "కంప్యూటరు దాని పని అది చేసుకుంటా ఉండాది. వేళ్లు రాకుండా దాని ముందర కూర్చుంటే అది మిమ్మల్ని చూసి నవ్వతాది. రాండి, మిషన్ల దగ్గరికి రాండి!" అందర్నీ టైపు మిషన్ల ముందు కూర్చోబెట్టి అట్టమూతలు వేసినారు. ఆ చప్పుడు వింటూ నేను ఇంకో డిస్కు రాసినాను. మధ్యాహ్నానికి మూడు కంప్యూటర్లూ లేచి కూర్చున్నాయి. ఒక్క పిల్లా వెనక్కి పోలేదు.

ఆ సాయంత్రం ఆయన అడిగారు. "ఇది నాకు నేర్పించు పాపా. రేపు బోర్డు మారితే మళ్లీ ఇదే అవస్థ కదా."

"మీకెందుకు సార్ ఈ తలనొప్పి? నేను లేనా?" అన్నాను.

పైకి ప్రేమగానే అన్నాను. లోపల మాత్రం, డిస్కుకు బొట్టు పెట్టిన మనిషికి ఇదేం వస్తుందిలే అని నవ్వుకున్నాను. ఆ నవ్వు నా ముఖంలో కనపడే ఉంటుంది. మనుషుల ముఖాలు చదవడం నాకొక్కదానికే వచ్చని అప్పుడు నా గర్వం; ఆయనా నాది చదువుతారని తట్టలేదు. అదే డిస్కుకు కాపీలు కట్టగా రాసి ఆయన చేతిలో పెట్టి, "ఇంక బతికినంతకాలం చాలు సార్" అన్నాను. ఆయన ఆ కట్ట తీసుకున్నారు. "ఊఁ" అనలేదు.

తర్వాత నాకు మద్రాసులో ఉద్యోగం వచ్చింది. మొన్న ఉగాది దాటినాక సారు ఫోన్ చేసినారు. ఒక కంప్యూటరుకు బోర్డు కాలిపోయి కొత్తది వేయించారట. నా కట్టలో ఒక్క డిస్కూ దానికి పనికిరాలేదు.

"దీనికి ఏ డ్రైవరు చేర్చాల పాపా? నువ్వు చెప్తా ఉండు, నేను చేస్తా."

"ఫోన్లో అయ్యేది కాదు సార్. ఆదివారం వస్తాను. మీరు ముట్టుకోవద్దు."

"సరే పాపా."

పెద్దకర్మ అయిన మరుసటిరోజు వెళ్లాను. అత్త ఇన్‌స్టిట్యూట్ పై మిద్దె మీద రాగులు ఎండబోసి కాపలా కూర్చుని ఉంది. రాగుల పైన ఈ గోడ నుంచి ఆ గోడకు దారం కట్టి, వరసగా డిస్కులు వేలాడదీసి ఉన్నాయి. పిచ్చుకలు వాలకుండా.

"ఇవి నేనిచ్చినవా అత్తా?"

"నీవి బీరువాలో భద్రంగా ఉండాయి. ఇవి ఆయన చేసినవి. చేసేది, పెట్టేది, కంప్యూటరు వొద్దనేది. 'పొయ్యింది, నీ పిచ్చుకలకు ఇంకొకటి' అని పైకి తెచ్చిచ్చేది. నీకు ఫోన్ చెయ్యమంటే, 'వొద్దు, ముట్టుకున్నానని కోప్పడతాది' అనె."

అన్నిటికన్నా చివర కట్టింది ఏదని అడిగి, దాన్ని విప్పుకుని కిందికి పోయినాను. కొత్త బోర్డు వేసిన కంప్యూటరు గుడ్డ కప్పుకుని అట్లే ఉంది. డిస్కు పెట్టినాను. పేర్లు వరసగా వచ్చాయి. ఆయన చేర్చిన డ్రైవరు పేరు కూడా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. పాత కంప్యూటర్లో ఆయన చేసిన పని తెరిచి చూశాను. డ్రైవరు పేరు సరైనదే. బోర్డు సీడీలో ఒకే మాదిరి పేర్లతో ఒకదాని కింద ఒకటి రెండు ఫోల్డర్లున్నాయి, ఒకటి ముప్పై రెండు బిట్లకు, ఇంకొకటి అరవై నాలుగుకు. మా డిస్కుకు కావలసింది పైది, ముప్పై రెండుది; ఆయన కిందిదాంట్లోంచి తీసినారు. మిగతాదంతా, ఒక్క అడుగు కూడా తప్పకుండా, నేను చేసినట్టే చేసినారు. "ఆ ఫోల్డరు కాదు సార్, పైది" అని ఆ రోజు ఫోన్లో అని ఉంటే సరిపోయేది.

డిస్కు తీసుకుని మళ్లీ మిద్దె ఎక్కినాను. "ఏమంటాది?" అంది అత్త.

"ఆయనకు వచ్చేసింది అత్తా. కొంచెంలో తప్పిపోయింది."

"ఆయనకు చెప్పుంటే సంతోషపడేవాడు" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది.

డిస్కు విప్పిన ఖాళీ కిందికి అప్పటికే పిచ్చుకలు దిగి రాగులు తింటున్నాయి. "కట్టెయ్ పాపా, కట్టెయ్" అంది అత్త. దారం ముడి వేయడానికి నాకు చాలాసేపు పట్టింది. గాలికి డిస్కులన్నీ కలిసి తిరిగాయి. వాటి వెలుగుమచ్చలు గోడ మీద, రాగుల మీద, అత్త ఒడిలో పరుగులు పెట్టాయి. ఒకటి నా చేతి మీదికి వచ్చి, కాసేపు వణికి, పోయింది.